పన్నెండింటికి మోల్

ఉదయం పదకొండు గంటలకి చీఫ్ బల్ల మీద ఒక కాగితం ముక్క పెట్టాడు. దాని మీద రెండే మాటలు: "మోల్. పన్నెండు."

"విదేశీ ముఠా నాయకుడు తన మనిషికి పంపిన ఆర్డర్ ఇది. ఈవిడ తెచ్చింది," అన్నాడు.

కిటికీ దగ్గర లిప్‌స్టిక్ సరిచేసుకుంటున్న ఆ హోటల్ గాయని డబుల్ ఏజెంట్. "ముఠా నాయకుడు ఒకప్పుడు ఓడ కెప్టెన్. అంతకుమించి నాకు తెలీదు," అంది.

ఏజెంట్ గద్ద ఆ మాట చెవిన వేసుకోలేదు. "మోల్ అంటే మన ఆఫీసులో దూరిన శత్రువు మనిషి సార్. ఎవరో నాకు తెలుసు."

అతని మనసులో ఉన్నది కత్తెర. బాంబు వైర్లు కత్తిరించడంలో మొనగాడు కాబట్టి ఆ పేరు. గద్ద భార్య డీకోడింగ్ సెక్షన్‌లో ఆఫీసరు. నెల్లాళ్లుగా ఆమె ఏ కబురు చెప్పినా అందులో కత్తెర ఉంటున్నాడు. నిన్న డీకోడింగ్ గదిలోంచి, కత్తెర అక్కడ ఉండగా, ఆమె నవ్వు వరండా దాకా వినిపించింది. పెళ్లయిన కొత్తలో విన్న నవ్వది. పైగా కత్తెర గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. ఇంగ్లీషులో దాన్నీ మోల్ అనే అంటారు! గద్దకి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

గద్ద కరెంటు రిపేరువాడి వేషం వేసుకుని, కత్తెరని స్టోర్ రూమ్‌లోకి పిలిచి, చేతికి బేడీ వేసి కిటికీ ఊచకి తగిలించాడు.

"ఏంటి సార్ ఇది?"

"మా ఆవిడ దగ్గర ఏ రహస్యాలు లాగావు?"

"రహస్యాలా? లంచ్‌లో ఇద్దరం క్రాస్‌వర్డ్ నింపుతాం, అంతే!"

గద్ద జేబులో పెన్ రేడియో మోగింది. భార్య గొంతు.

"ఏమండీ, చీఫ్ ఆ కాగితం నాకు పంపారు. మోల్ ఒక మాట కాదు, నాలుగు! బొరియలు తవ్వే జంతువు పేరు డచ్ వైపు నుంచి వచ్చింది. గూఢచారికి దాన్నే తగిలించారు. పుట్టుమచ్చది పాత ఇంగ్లీషు. కెమిస్ట్రీ కొలత జర్మన్ వాళ్లది. నాలుగోదానికి మూలం లాటిన్, పెద్ద రాశి అని అర్థం. రేవులో అలల్ని ఆపే రాతిగోడని ఓడవాళ్లు మోల్ అంటారు! పన్నెండింటికి నాలుగొందల మందితో ఓడ దాని పక్కకే వస్తోంది. అక్కడ బాంబు పెట్టి ఉంటారు, కత్తెరని పంపుదామంటే మనిషి జాడలేదు."

గద్ద బేడీ తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. "నా దగ్గరే ఉన్నాడు," అన్నాడు.

జీపు రేవు చేరేసరికి పదకొండు యాభై. గోడ మీద గాలం వేసుకుని కూర్చున్నవాడు వీళ్లని చూసి పరుగు లంకించుకున్నాడు. గద్ద వెంటపడి కాళ్లు పట్టి పడేశాడు. రాళ్ల సందులో బాంబు దొరికింది. కత్తెర బోర్లా పడుకుని పని మొదలుపెట్టాడు. ఓడ మీద జనం చేతులూపుతున్నారు. అంత ప్రమాదంలోనూ గద్దకి మరో అసూయ పుట్టింది. ఆ వేళ్లు అస్సలు వణకడం లేదు.

ఆఖరి వైరు తెగేసరికి టైమర్ మీద మూడు సెకన్లున్నాయి.

కత్తెర లేచి, కమిలిన మణికట్టు రుద్దుకున్నాడు. "మీ మీద చీఫ్‌కి ఫిర్యాదు చెయ్యను సార్. మేడమ్‌కి మాత్రం చెప్తాను."

గద్ద చెమట తుడుచుకున్నాడు. "ఫిర్యాదే చెయ్యవయ్యా బాబూ!"