జల్లెడ కాలిన రోజు

పేరయ్య పోయాడన్న ఫోను వచ్చేటప్పటికి సామ్రాజ్యం పెరట్లో తీగమీద తెల్ల దుప్పటి ఆరేస్తోంది. రోడ్డు పక్క ఇల్లు. వెనకటి రోజుల్లో అయితే ఆ తీగమీద తెల్లబట్ట వేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. లారీల పొగకి సాయంత్రానికల్లా నల్లబడిపోయేది. మసిజల్లెడలు వచ్చాక ఆ బాధ పోయింది. ప్రతి బండి పొగగొట్టంలోనూ ఒక జల్లెడ ఉంటుంది, మసినంతా పట్టేస్తుంది. నిండాక ఆ మసిని లోపలే కాల్చేసుకుంటుంది. ఎప్పుడు నిండిందో, ఎప్పుడు కాలాలో కనిపెట్టి చూసేది మసికావలి అనే చిన్న యంత్రం. అది ఆగమన్నచోట బండి ఆగాల్సిందే, పెళ్ళివారి బస్సయినా సరే. ముహూర్తానికి రాలేదేమండీ అంటే జల్లెడ కాలుతోందండీ అనేవారు. ఎదుటివాళ్ళు సరే అని ఊరుకునేవారు. అలా అలవాటు పడిపోయింది లోకం.

ఫోనులో ఆసుపత్రి నుంచి మరిది ఏడుకొండలు.

"మీ అన్న కళ్ళు మూశాడా?" అంది సామ్రాజ్యం.

"నేనే మూశా వదినా."

"ఇంటికి తీసుకురా. ఒక్కసారి మొహం చూసుకుంటా."

"చూద్దాం. ఎండ చూస్తన్నావుగా. ఎక్కువసేపు ఉంచొద్దంటన్నారు ఇక్కడ. మన బండిలోనే వేసుకొస్తన్నా. శ్మశానం దారిలోదేగా, వీలుకాకపోతే అటునుంచటే..."

"అటునుంచటే వద్దు. గడపదాకా తే. నాకు ఆ మొహం చూడాల."

ఫోను పెట్టేసి దుప్పటికి రెండో కొస కూడా క్లిప్పు పెట్టింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడింది. రాలేదు.

పేరయ్యది నాపరాళ్ళు తోలే పికప్పు. క్వారీ నుంచి పాలిషు మిల్లుదాకా వెళ్ళటం, రావటం. అంత దగ్గర దూరాలకి మెల్లగా తిరిగే బండికి జల్లెడ ఊరికే నిండిపోతుంది. అందుకని మసికావలి పేరయ్య చెవిపూసలో ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. అన్నం తింటూ తింటూ ఆయన "ఊఁ" అనేవాడు.

"ఎవరితో?" అనేది సామ్రాజ్యం.

"బండితో."

"నాతో ఎప్పుడు?"

"దాంతో అయ్యాక" అని నవ్వేవాడు. కాపురమంతా ఇదే సరసం.

కబురు తెలిసి ఆడపడుచు మంగతాయి వచ్చింది. ఇద్దరూ వసారాలో కూర్చుని రోడ్డువంక చూస్తున్నారు. ఏడుకొండలుకి మళ్ళీ ఫోను చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం దాటింది. అప్పుడు గోడకున్న ఇంటిపలుకు మాట్లాడింది. వాన కబురూ కరెంటు కబురూ చెప్పే పెట్టె అది. బండి కబురు దానికెప్పుడూ లేదు. కానీ ఆసుపత్రిలో పేరయ్య చెవిపూస తీసేశారు కదా, చెవి పలక్కపోతే ఇంటికి చెప్పాలని ఆ యంత్రం చేసినవాళ్ళు ముందే ఏర్పాటు చేసి పెట్టారు. బండిగల మనిషి నిద్రపోతాడేమో అనుకున్నారు గానీ అంతకు మించి ఆలోచించలేదు.

"పేరయ్య గారి ఇంటివారికి. దహనం పూర్తయింది. బూడిద నిలిచి ఉంది."

ఊళ్ళో అందరూ జల్లెడ కాలటం అనే అంటారు. దహనం అన్నది ఆఫీసుల్లో పెట్టిన మాట, తోలేవాళ్ళ చెవులకే తెలుసు. ఆడవాళ్ళిద్దరూ ఎన్నడూ వినలేదు.

"చూపించకుండానే కానిచ్చేశారా వదినా?" అని మంగతాయి గుండె పట్టుకుంది.

"ఎండ కదా" అంది సామ్రాజ్యం.

లేచి వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుంది. దీపం పెట్టింది. ముందురోజు నుంచి ఏమీ తినలేదని మంగతాయి చారన్నం కలిపి పెడితే తింది. ఒక్కో ముద్దతో ఒక్కోటి లోపల సర్దేసుకుంది. ఆయన గురక, బీడీ వాసన, ఆ ఊఁ కొట్టటం. ఇక చూడనుగదా అనుకున్న మొహాన్ని కూడా మడిచి అడుగున పెట్టేసింది.

కంచం తీయకముందే పికప్పు వచ్చి గడప ముందు ఆగింది.

ఏడుకొండలు దిగాడు. "దారిలో జల్లెడ నిండింది వదినా. ఎంత బతిమాలినా కదల్లా. అన్న పక్కనే కూచున్నా. ఫోను ఆ ఆసుపత్రిలోనే మర్చిపోయినట్టున్నా..." అంటూ ఆమె తడి జుట్టు చూశాడు, కంచం చూశాడు. "తలకి పోసుకున్నావేంది?"

"అయిపోయిందని చెప్పిందిగా."

"ఎవరు?"

"బండి."

ఏడుకొండలు ఓసారి బండి వంక చూసి, వెళ్ళి వెనక తలుపు దించాడు.

సామ్రాజ్యం చెయ్యి కడుక్కుని వచ్చింది. ఐసు గడ్డల మధ్య పేరయ్య. ఒక చెయ్యి బండి అంచున ఆనించి, రెండోది ఆయన చెంపమీద పెట్టింది. బండి ఇంకా వేడిగా ఉంది. తను అడిగిన మొహమే ఎదురుగా ఉంది. కానీ లోపల సర్దేసినదాన్ని మళ్ళీ ఎలా పైకి తీయాలో ఆమెకి తెలియలేదు. ఎంతసేపు చూసినా ఎవరి మొహమో చూస్తున్నట్టే ఉంది.

"చూశావా వదినా?"

"చూశా. తీసుకెళ్ళండి."

పొద్దు గూకేముందు ఏడుకొండలు తడిబట్టలతో తిరిగొచ్చాడు. "అయిపోయింది వదినా" అన్నాడు. ఆమె వినలేదు. ఇంటిపలుకు వైపు చూస్తూ కూర్చుంది. అది ఏమీ చెప్పలేదు.

తర్వాత బండి ఏడుకొండలే తోలుతున్నాడు. నాలుగైదు రోజులకోసారి గోడమీద నుంచి ఆ మాట వస్తూనే ఉంది.

"ఆఫీసుకెళ్ళి నా చెవికి మార్పిచ్చుకుంటా వదినా. నీకెందుకీ బాధ" అన్నాడు ఒకసారి.

"వద్దులే. అది చెప్పకపోతే ఎప్పుడయిందో నాకెట్టా తెలుసుద్ది?"



ఒకనాడు వదినా ఆడపడుచూ అన్నం తింటుంటే పెట్టె పలికింది. దహనం పూర్తయింది. సామ్రాజ్యం "ఊఁ" అంది.

"ఎవరితో వదినా?" అంది మంగతాయి.

"బండితో."

సగం తిన్న కంచంలో చెయ్యి కడిగేసి లేచింది. కాసేపటికి పెరట్లోంచి తలమీద నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది.