ఫాల్ కుట్టిన పట్టుచీర

"శ్రీరామచంద్ర బతికే ఉన్నాడు. మొన్న పట్టుచీర కొన్నాడు," అన్నాడు చీఫ్ వెంకటకృష్ణ, తృప్తిగా సిగరెట్ వెలిగిస్తూ.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ యతిరాజులు ఖర్చుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నోరు తెరిస్తే లోపలి మంట బయటపడుతుందని భయం.

1997. మద్రాసు పేరు మారి ఏడాదైనా జనం నోట ఇంకా మద్రాసే. హార్బర్ నావికా రక్షణ మ్యాప్ కోసం క్రూగర్ అనే విదేశీయుడి ముఠా నగరంలో దిగింది. ఆ మ్యాప్ ఫోటోలున్న ఫిల్మ్ వాళ్ల చేతికి అందకముందే కాజేసిన మొనగాడు శ్రీరామచంద్ర. అండర్‌కవర్‌లో ఉన్నవాడు ఫోన్ చేయకూడదు, ఉత్తరం రాయకూడదు. అతనికి ఇచ్చింది ఒక్క క్రెడిట్ కార్డు. కార్డు గీసిన ప్రతి ఖర్చూ బ్యాంకుకి చేరుతుంది. ఆ బ్యాంకులో గుమాస్తా వేషంలో కూర్చున్న యతిరాజులు దాన్ని చీఫ్‌కి చెబుతాడు. ఖర్చు వస్తోందంటే మనిషి క్షేమం. అదీ ఏర్పాటు.

ఇద్దరిదీ ఒకే బ్యాచ్. శ్రీరామచంద్రకి కెమెరా ఉన్న లైటరూ, బీచ్ ఒడ్డున హోటలూ, ముఠాలో ఉంటూ మనకి పనిచేసే అందగత్తె రాగిణీ. యతిరాజులుకి ఒక స్టూలూ, రెండు రబ్బరు స్టాంపులూ. రాగిణి గొంతు రికార్డయిన టేపులు విని టైపు చేసిందీ అతనే. ఆమె "రామ్" అని సాగదీసి పిలిచినప్పుడల్లా అతని వేలు తప్పు అక్షరం మీద పడేది.

ఇప్పుడు పట్టుచీర.

"దేశం సొమ్ముతో ఎవరికి పెట్టాడో వాడే చెప్పుకోవాలి," అనుకుంటూ బ్యాంకుకి వచ్చి పక్క సీటు అమ్మణిని అడిగాడు. "అక్కా, కార్డు ఖర్చు తప్పని చెప్పాలంటే ఏం చెయ్యాల?"

"ఏముంది నాయనా! కార్డుదారు 'ఈ ఖర్చు నాది కాదు' అని సంతకం పెట్టి రాసియ్యాల. మనం ఆ షాపు బ్యాంకుని అడగతాం. షాపోడు తన దగ్గరుండే స్లిప్పు తెచ్చి చూపియ్యాల. సరిగ్గా ఉంటే కార్డుదారు నోరు మూసుకుని కట్టాల. స్లిప్పు లేకున్నా, సంతకం తేడా ఉన్నా, దుడ్డు షాపోడి నెత్తిన పడతాది. ఎవురిది ఖర్చు?"

"ఒక పెద్దమనిషిది."

శ్రీరామచంద్ర ఎడమచేతి వాటం. సంతకం ఎదురుగాలిలో నడిచే మనిషిలా వెనక్కి వాలి ఉంటుంది. అతని టీఏ బిల్లులు చూసి చూసి యతిరాజులుకి అది చేతికొచ్చేసింది. స్లిప్పు చేతికొస్తే వాడి బండారం బయటపెట్టొచ్చని, ఫారం మీద తనే ఆ సంతకం గీకి పంపేశాడు.

వారం తిరక్కుండా టి. నగర్ చీరల షాపు నుంచి స్లిప్పు వచ్చింది. కార్డు మీది ఉబ్బెత్తు అంకెల అచ్చు స్పష్టంగా పడింది. అంటే అసలు కార్డే. కానీ సంతకం ముందుకి వాలి ఉంది. అది శ్రీరామచంద్రది కాదు.

మొదట వచ్చింది సంతోషం: చీర వాడు కొనలేదు. ఆ వెనకే వచ్చింది భయం. మరి కార్డు ఎవరి చేతిలో ఉంది? వాడెక్కడ?

స్లిప్పు తిప్పాడు. వెనక ఆడచేతి రాత: "ఫాల్, బ్లౌజు అయ్యాక ఫోన్ చేయండి." కింద నెంబరు.

వెంటనే డయల్ చేశాడు. "మేడం, షాపునుంచి. మీ చీర రెడీ. ఆడికే తెచ్చియ్యాలా?"

"రాయపురం, ఫిషింగ్ హార్బర్ గేటు పక్క ఐస్ ఫ్యాక్టరీ. ఐదులోగా తీసుకురండి. తర్వాత ఊళ్లో ఉండను."

టేపుల్లో విన్న గొంతు! రాగిణి మనవైపు కాదు. ఖర్చు వస్తే మనిషి క్షేమమనే ఏర్పాటు తెలిసిన మనిషి. అందుకే శ్రీరామచంద్రని కట్టేసి, అతని కార్డుతో వాళ్లే ఖర్చు చేస్తున్నారు. ఐదింటికి పడవ కదిలితే మనిషీ దక్కడు, మ్యాపూ దక్కదు.

ఒక్క క్షణం ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాడు. తను నోరు మూసుకుంటే చాలు, బ్యాచ్‌లో మిగిలేది తనొక్కడే. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది. చీఫ్ పేజర్‌కి కోడ్ పంపాడు: "నెత్తళ్లు. రాయపురం. ఐదు." చేప పేరు వస్తే మనవాడు చిక్కులో ఉన్నాడని అర్థం.

మెడలో కొలతల టేపు, చంకలో షాపు నుంచి తెచ్చిన చీర పొట్లం. టైలర్ వేషం. తెర వెనక మనిషి ముఖం రాగిణి ఎన్నడూ చూడలేదు. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్న సంగతే ఇవాళ అక్కరకొచ్చింది.

ఐస్ ఫ్యాక్టరీలో ఊక వాసన, చేపల నీచు. బయట పడవ ఇంజన్ దడదడలాడుతోంది. ఐస్ దిమ్మెల వెనక గోతాల మీద, నోటికి గుడ్డ కట్టి, శ్రీరామచంద్ర.

"టైమ్!" అన్నాడు క్రూగర్ గుమ్మంలోంచి.

"ఒక్క నిమిషం," అంది రాగిణి. పొట్లం విప్పి అంచు తిప్పి చూసింది. "ఏమయ్యా, దారం రంగు కలవలేదే!"

"ఈడ చీకటి మేడం. వెలుతుర్లోకి పట్టుకోండి, కలస్తాది."

అప్పుడే శ్రీరామచంద్ర అతన్ని గుర్తుపట్టాడు. కళ్లు ఇంతింత చేశాడు. రాగిణి ఆ కళ్లు చూసింది. చీర టైలర్ చేతుల్లోకి విసిరేసి హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది.

యతిరాజులు చీర ఒక్క విదిలింపున విప్పి ఆమె మీదికి విసిరాడు. పిస్టల్ పేలింది. గుండు ఐస్ దిమ్మెలో దిగింది. ఆరు గజాల పట్టులో చుట్టుకుని ఆమె కింద పడింది. గేటు దగ్గర చేపల బుట్టలు మోస్తున్నవాళ్లు బుట్టలు దించి పోలీసులయ్యారు. క్రూగర్ ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద ఉండగా దొరికాడు. అతని జేబులో లైటర్, లైటర్‌లో ఫిల్మ్.

కట్లు విప్పగానే శ్రీరామచంద్ర ఏడ్చేశాడు. "రాజులూ, నాకేదో అయిందని నీకెట్లా తెలిసిందిరా?"

"నీ ఖర్చుల మీద కన్నేసి ఉంచినా."

"సొంత తమ్ముడు కూడా ఇంత పట్టించుకోడు!"

యతిరాజులు తల వంచుకున్నాడు. జనం దాన్ని వినయం అనుకున్నారు.

శ్రీరామచంద్రకి మెడల్ వచ్చింది. యతిరాజులుకి మూడో రబ్బరు స్టాంపు వచ్చింది.

మరుసటి నెల అదే కార్డు మీద, అదే షాపులో, ఇంకో పట్టుచీర. ఫారం వైపు వెళ్లిన చేతిని యతిరాజులు వెనక్కి లాక్కున్నాడు. ఈసారి బుద్ధిగా ఇంటికి పోయాడు.

మాధవరం ఇంట్లో భార్య వల్లి నెమలికంఠం రంగు చీర కట్టుకుని అద్దం ముందు తిరుగుతోంది.

"మీ శ్రీరామచంద్రన్న పంపించినాడు, నువ్వు చేసిన సాయానికి. పెండ్లయి ఇన్నేండ్లకి నువ్వొక్కటన్నా ఇట్లాంటిది తెచ్చినావా? ఏం మనిషబ్బా ఆయన! బంగారం!"

పొద్దున బ్యాంకు తలుపు తీయగానే అమ్మణి ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఇంకో ఫారం ఇయ్యి."

"మళ్లానా! కారణం ఏం రాయమంటావు?"

"కార్డుదారు మరీ మంచోడు అని రాయక్కా."