ఉచితంగా ఇచ్చింది ఎవరు?

పొద్దున్నే ఆమె తాను కుట్టిన గౌను ఇస్త్రీ చేస్తోంది. భర్త వంటగది బల్ల దగ్గర లాప్‌టాప్‌లో తలదూర్చి కూర్చున్నాడు. కంప్యూటర్లను నడిపే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో, కరెంటు పోయినా ఫైళ్లు చెడిపోకుండా చూసే భాగం బాధ్యత అతనిది. బ్యాంకులు, ఆస్పత్రులు, పెద్ద కంపెనీలు అందరూ దాన్ని వాడుకుంటారు. పైసా ఇవ్వరు. తప్పు దొరికితే మాత్రం అతన్నే తిడతారు.

ఆమె తమ్ముడు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏం బావా, లోకంలో కంప్యూటర్లన్నిటికీ ధర్మవైద్యం మొదలెట్టేశావా?"

"ముందు కాఫీ తాగరా."

"తాగుతాలే గానీ, ఇదే పనికి మా కంపెనీవాళ్లు జీతమిస్తామంటే ఎందుకు వద్దన్నావ్?"

ఇస్త్రీపెట్టె ఆగింది. భర్త కళ్లతో సైగ చేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఎప్పుడు?" అందామె.

"పోయిన నెల. నీకు తెలీదా అక్కా?"

ఆమె ప్లగ్గు పీకేసింది. కుట్టుపనికి ఏళ్ల తరబడి కోరుకున్న దుకాణం గదిని, అడ్వాన్సు కట్టలేనని నిన్ననే వదులుకుంది. "పోన్లే, ఇంకోటి దొరుకుతుంది" అన్నాడు భర్త. అన్నీ తెలిసే అన్నాడు!

"నిన్న నేను ఏడుస్తుంటే వీపు నిమిరావు. అప్పుడైనా నోరు పెగల్లేదా?"

"వాళ్ల షరతు నీకు తెలీదు. రిపేర్లు ముందు వాళ్ల కస్టమర్లకే ఇవ్వాలట. మిగతావాళ్లు నెలల తరబడి ఆగాలట. ఈలోగా ఏ చిన్న ఆస్పత్రిలోనో రికార్డులు పోతే?"

"మంచి కారణమే. చెప్పుంటే నేనూ వద్దనేదాన్నేమో. ఎందుకు చెప్పలేదు?"

అతను తల దించుకున్నాడు. "వద్దనడానికి నువ్వు ఒప్పుకోవేమోనని భయమేసింది."

"భయపడుతూనే ఇల్లంతా నా సంపాదనతో నడిపించావు. కంపెనీలు నిన్ను వాడుకున్నాయి, నువ్వు నన్ను వాడుకున్నావు. వాళ్లు నయం, ఓదార్చినట్టు నటించలేదు."

తమ్ముడు కాఫీ మాట మర్చిపోయి, చెప్పులేసుకుని జారుకున్నాడు.

అతను కూర్చుని ఏదో టైపు చేసి, లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. వాడుకునే వాళ్లందరికీ రాసిన ఉత్తరం. కంపెనీలన్నీ కలిసి, ఏ షరతూ లేకుండా ఖర్చు భరించేదాకా, ప్రమాదకరమైన తప్పులు తప్ప ఇంకేవీ సరిచేయనని రాశాడు. చివర్లో, "ఇన్నాళ్లూ దీన్ని మీకు ఉచితంగా ఇచ్చింది నా భార్య."

ఆమె కళ్లు నిండాయి.

"ఇచ్చానని రాయకు. నన్నెవరు అడిగారు?"

"మరి?"

"నా దగ్గర తీసుకున్నారని రాయి. తీసుకున్నవాళ్లలో నిన్నూ కలుపు."

అతను ఆ వాక్యం చెరిపి, ఆమె చెప్పినట్టే రాశాడు. మీట మీద వేలు పెట్టి ఆగాడు.

"పంపనా?"

ఆమె కళ్లు తుడుచుకుని, కుర్చీ అతని పక్కకి లాక్కుంది.

"ఆగు. మొదట్నుంచి ఒకసారి చదివి వినిపించు."