పాత బ్యాంకు గోడ మీద గాజుపట్టీ

“ఏంది, గైడ్ ఇక్కడుంటే మీరు అక్కడ గోడకు ఫొటోలు తీస్తున్రు?”

యశ్వంత్ ఉలిక్కిపడి ఫోను జేబులో దాచాడు. అంతే, అడిగిన రేఖకు అనుమానం పట్టుకుంది.

అసలే ఆమె హైటెక్ సిటీలో టెస్టర్. వారమంతా ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతకడమే పని. ఆదివారాలు మాత్రం సికింద్రాబాద్‌లో తెల్లదొరలు కట్టించిన పాత బ్యాంకును జనానికి చూపిస్తుంది. పల్టన్ సిపాయిల జీతాలు దాచిన ఇనుప తలుపు గది, డంగుసున్నం గోడలు, టేకు కౌంటర్లు. కూల్చేద్దామన్న రోజుల్లో సంతకాలు సేకరించి, దాన్ని స్మారక కట్టడంగా నిలబెట్టినవాళ్లలో ఆమె ఒకతె.

ఈమధ్య ఆ గోడ బీటలిచ్చింది. బీట మీద అడ్డంగా సన్నని గాజుపట్టీ అతికించారు. గోడ కదిలితే గాజు పగులుతుంది.

“చరిత్రంటే ఇష్టం” అంటూ యశ్వంత్ ప్రతి ఆదివారం కొండాపూర్ నుంచి వచ్చేవాడు. చూపులు మాత్రం చరిత్ర మీద తక్కువ, రేఖ మీద ఎక్కువ. అది తనకు నచ్చుతోందనే ఆమె ఒళ్లుమంట.

ఒక ఆదివారం గాజు పగిలి ఉంది. పక్కనే యశ్వంత్!

“పక్క జాగల టవర్ కడుతున్న చెన్నకేశవులు కొడుకే గదనే అతను!” అంది స్నేహితురాలు కావ్య.

మర్నాడు వానలో, రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర రేఖ అతన్ని నిలదీసింది.

“గాజు పగలగొట్టింది నువ్వే గదా? గోడ పనికిరాదంటే ఆ జాగ గూడ మీ నాయనకే అని!”

“నేనా! నాయన సెల్లార్ తవ్వుతాండాడు. ఆ అదురుకే పగిలింది. ఆపమని ఆ ఫొటోలు ఆయనకే చూపిస్తాండా. ఆయన కొడుకునని చెప్తే నువ్వు లోపలికే రానియ్యవని దాచినా.”

“నమ్మాలె?”

“మొదట గోడ కోసమే వచ్చినా. తర్వాత నీకోసం. దానికి ఫొటో యాడ తెచ్చేది?”

రేఖ గుండె ఝల్లుమంది. మొహం మాత్రం చిటపటలాడుతూనే ఉంది.

అప్పుడే అతని ఫోన్ మోగింది. “నాయనే” అంటూ యశ్వంత్ స్పీకర్ పెట్టాడు.

“తవ్వకం ఆపించినాలేరా. ఇంజనీర్లు ఆ గోడకు దన్ను కట్టినాకే పని. ఇంగ అలిగింది చాలు, ఇంటికి రా. మీ అమ్మ ఏడుస్తాంది.”

అంటే తన బ్యాంకు కోసం ఇల్లు వదిలి వచ్చాడా! అయినా రేఖ తన టెస్టర్ బుద్ధి పోనిచ్చుకుందా?

“అంకుల్, జర వీడియో ఆన్ చేస్తరా?”

తెరమీద ఆగిన జేసీబీ, దాని ముందు తెల్లబోయిన చెన్నకేశవులు. సంగతి అర్థమై పకపకా నవ్వాడాయన.

“వీడు చెప్పిన బ్యాంకు పిల్లవు నువ్వేనా! నన్నే నమ్మవే! మావానికి నువ్వే సరి తల్లీ. వాణ్ణి ఇంటికి తోలుకురా.”

“వస్తం అంకుల్, ఇద్దరం” అంది రేఖ కళ్లు తుడుచుకుంటూ.

ఈసారి అనుమానం యశ్వంత్‌కు వచ్చింది. “ఇద్దరమా? నిజంగానా?”

రేఖ అతని చెయ్యి పట్టుకుని మెట్రో మెట్లెక్కింది.