డబ్బా ఎవడు పీకాడు?

టిప్పర్ ముందు... వ్యాను వెనక.

మిట్టమధ్యాహ్నం. బైపాస్ రోడ్డు. మెకానిక్ యాక్సిలరేటర్‌ని అరికాలు నొప్పెట్టేలా తొక్కుతున్నాడు.

ఎనభై. అంతే. ముల్లు కదలట్లేదు.

స్పీడ్ గవర్నర్! బండి హద్దు దాటకుండా గవర్నమెంటు పెట్టించిన డబ్బా. ఊళ్లో అడిగిన ప్రతివాడికీ దాన్ని పీకిపారేసినవాడు, తన వ్యానుకి మాత్రం ఉంచుకున్నాడు. చెల్లెలు ఒట్టేయించుకుంది మరి.

ఆ చెల్లెలే ఇప్పుడు లేదు. పదకొండు రోజులైంది. బస్‌స్టాప్‌లో నిలబడ్డ పిల్లని ఈ టిప్పరే తొక్కేసింది. దీని డ్రైవర్‌కి నాలుగో రోజున బెయిలు, పదో రోజున మళ్లీ స్టీరింగు.

"ఈ రోజుతో నీకు నూకలు చెల్లాయిరా."

టిప్పర్ దూరమైపోతోంది... ఇంకా దూరం...

ఎదురుగా రైల్వే గేటు పడుతుంది!

టిప్పర్ కీచుమని ఆగుతుంది. మెకానిక్ వీల్ స్పానర్‌తో దూకుతాడు. డ్రైవర్ని కాలర్ పట్టి రోడ్డు మీదకి ఈడుస్తాడు.

"ఆ రోజు ఎంత స్పీడులో వచ్చావురా?"

"తొంభై అన్నా..."

"డబ్బా ఉంటే టిప్పర్ అరవై దాటదు. ఏమైందిరా అది?"

"డబ్బా తీయించేశారన్నా. పది ట్రిప్పులు కొట్టకపోతే ఓనరు ఇంటికి పొమ్మంటాడు. కాలు నాదే... తొక్కించేది వాడు."

"ఎవడు పీకాడు?"

"తెలీదన్నా. నేను చేరకముందే."

"వాణ్ణీ వదలను."

వైరు చూస్తే చాలు, ఎవడి పనో మెకానిక్ చెప్పేస్తాడు. ఊళ్లో ఈ పని తెలిసింది నలుగురికే. డ్రైవర్ టైరుకి ఆనుకుని అక్కడే కూర్చుంటాడు. మెకానిక్ క్యాబిన్ ఎక్కి డాష్‌బోర్డు కింద తల పెడతాడు.

తెగిన రెండు వైర్లు. అతుకు. దాని మీద టేపు.

టేపు చివర లైటర్‌తో కాల్చి, బొటనవేలితో నొక్కి ఉంది.

ఊడిరాకుండా తన గురువు నేర్పిన పద్ధతి. ఆ నలుగురిలో అలా చేసేది ఒక్కడే.

అప్పుడెప్పుడో ఈ ఓనరు యార్డులో... ఒక్క పూటలో ఇరవై టిప్పర్లు. నంబర్లు కూడా చూడలేదు. "మీ బండి, మీ ఇష్టం సార్. మధ్యలో గవర్నమెంటెవరు?" అని తనే నవ్వాడు కూడా.

రైలు వెళ్లిపోయింది. గేటు లేస్తోంది. వెనక హారన్లు.

మెకానిక్ కిందికి దిగుతాడు.

"దొరికాడా అన్నా?" లేస్తూ అడుగుతాడు డ్రైవర్.

"దొరికాడు."

స్పానర్ ఎడం చేతిలోకి మారుతుంది. తన కుడి అరచెయ్యి టిప్పర్ మెట్టు మీద పరుస్తాడు.

బలమంతా పెట్టి దించుతాడు!

అరిచింది డ్రైవర్.

"పోలీసులకి ఫోన్ చెయ్యరా," అంటాడు మెకానిక్, పళ్లు బిగబట్టి. "ముద్దాయిలు ఇద్దరున్నారని చెప్పు."