ముందు డిక్కీ, వెనక ప్రమీలమ్మ

"నేను సంతకం పెట్ట!"

ఆ మాట అన్నది ప్రమీలమ్మేనా అని అందరూ వెనక్కి తిరిగి చూశారు. వెనక్కే ఎందుకంటే, ఆమె ఎప్పుడూ ఉండేది అక్కడే కనుక! ఇరవై ఆరేళ్ల కాపురంలో కూరలో ఉప్పెక్కువైందంటే అవునని, తక్కువైందంటే అవునని తలూపి, బాగుందంటే మాత్రం ఏం చెయ్యాలో తోచక వంటింట్లోకి పారిపోయిన ఇల్లాలు ఆమె. అటువంటి మనిషి, మొగుడు జంగయ్య కుర్చీలో దర్జాగా కూర్చుని ఉండగా, అత్తగారు ముత్తమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తుండగా, మోకిల నుంచి కారు బేరానికి వచ్చిన హరీష్ చాయ్ కప్పు నోటిదాకా ఎత్తి ఉండగా, అడ్డంగా తలూపేసింది! హరీష్ చాయ్ అక్కడే ఆగిపోయింది.

ఎంకపల్లిలోని ఆ ఇంటి వాకిట్లో రెండు జర్మనీ కార్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. తెల్లది పోర్షే, ఈ ఇంటిది. నీలంది బీఎండబ్ల్యూ, హరీష్‌ది. దానికి పైకప్పు గుడ్డది. మీట నొక్కితే ముడుచుకుని వెనక్కి వెళ్లిపోతుంది. ఆ టాపు లేని బండిని చూడగానే జంగయ్యకు టాపు లేచిపోయింది! ఎంపీటీసీగా ఒకసారి గెలిచి, మరోసారి ఓడి, సీటు కోసం రెండు పార్టీలు మారిన మనిషి ఆయన. ఆకాశం కింద కూర్చుని, జనానికి దండాలు పెట్టుకుంటూ మొయినాబాద్ బజార్లో పోవాలని మోజు. హరీష్‌కేమో పోర్షే మీద మోజు. బండికి బండి మార్చుకుందామనుకున్నారు. అన్నీ కుదిరాయి. ఒక్కటే మిగిలింది. పోర్షే ప్రమీలమ్మ పేరు మీద ఉంది.

ఉండక ఏమవుతుంది? పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఆమెకిచ్చిన చేవెళ్ల తొవ్వలోని చేను అమ్మితేనే కదా ఆ కారు వచ్చింది! ఆ చేను ఇప్పుడు ఎవరిదో ఫామ్‌హౌస్. ఆ కారు ఇప్పుడు ఎవరిదో... అంటే, కాగితాల్లో ఆమెది. కారు ఆమెదే, కానీ అందులో కూర్చునేవాళ్లెవరూ ఆమెకు ఏమీ కారన్నట్టే నడిచింది ఇన్నాళ్లూ!

"ఏమైందే నీకు? సంతకమే గద అడిగింది, కిడ్నీ అడిగిన్నా?" అన్నాడు జంగయ్య, నవ్వూ కోపమూ సగం సగం కలిపి.

"వదినా, ఇది మస్తు బండి. నువ్వు ఒకపారి ఎక్కి చూస్తే..." హరీష్ మాట పూర్తికాలేదు.

"ఏడ ఎక్కాలె?" అంది ప్రమీలమ్మ. నీలం బండి వైపు చెయ్యి చూపింది. "ఏడ ఎక్కాలె హరీషూ? జర చూపెట్టు!"

ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నీలం బండిలో సీట్లు రెండే. వెనక సీటన్నదే లేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరూ గోడ మీద రాయలేదు గానీ రాసినదానికంటే గట్టిది. బండి ఏదైనా కోడలు వెనకే కూర్చోవాలి. ఎడ్లబండి నాడు అంతే, జీపు నాడూ అంతే. ముందు సీటు మగవాళ్లది. మగవాళ్లు లేకపోతే అత్తగారిది. పోర్షే వచ్చిన రోజు నిమ్మకాయలు తొక్కించి, బొట్టుపెట్టి, పూజ చేసింది ప్రమీలమ్మే. తరువాత ముందు సీటును మడిచి, ఆ సందులోంచి వెనక్కి దూరిందీ ప్రమీలమ్మే! ఆ పోర్షేలో ఆమెకు దక్కిన పోర్షన్ అది. పసిపిల్లల కోసం తొలిచిన గుంటల్లాంటి రెండు సీట్లు. మోకాళ్లు గడ్డానికి ఆనుతాయి. ఒళ్లో పండ్ల పళ్లెం, పళ్లెం మీద గడ్డం! పుట్టింటికి వెళ్లిన ప్రతిసారీ అన్న అనంతయ్య ఒక చెయ్యి, వదిన ఒక చెయ్యి పట్టుకుని బావిలోంచి చేద లాగినట్టు లాగేవారు. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది... నవ్వితే నొప్పి బయటికి కనబడదు కదా!

అయినా ఆమె ఆ బండిని ప్రేమించింది. దాని నిర్మాణమే తల్లకిందులు. సామాను పెట్టే డిక్కీ ముందుంటుంది, ఇంజను వెనక ఉంటుంది. 'డిక్కీ ముందుకెళ్లింది, దిక్కులేనిది వెనక్కొచ్చింది' అని మొదట్లో తనలో తనే నవ్వుకుంది. తరువాత్తరువాత ఆ ఇంజనుతో స్నేహం కుదిరింది. లాగే భారమంతా తనదే, కూర్చునే చోటు మాత్రం వెనక! తనలాంటిదే ఇంకొకతె తన వీపు వెనక కూర్చుని గుర్రుమంటున్నట్టు ఉండేది.

రేపు చేవెళ్లలో అనంతయ్య బిడ్డ ప్రవళిక నిశ్చితార్థం. మేనత్తగా పీట మీద పిల్లకు బొట్టు పెట్టవలసింది ప్రమీలమ్మ. మధ్యాహ్నం అన్నం తింటూ జంగయ్య ఎంత తేలికగా అన్నాడు! "రేపు నేనూ అవ్వా నీలం బండిల వస్తం. తెల్లది హరీష్ తీస్కపోతడు. నువ్వూ బిడ్డా జర పొద్దుగాల లేసి బస్సెక్కుండ్రి."

వెనకైనా ఒక చోటుండేది. ఇప్పుడు ఆ వెనక కూడా పోయింది!

"అమ్మా, గిందుకేనా ఏడుస్తున్నవు?" వంటింట్లోకి వచ్చి పక్కన కూలబడింది కూతురు ఝాన్సీ. మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్ననే లైసెన్సు వచ్చింది. "కారు కోసం కన్నీరు కారుస్తరా ఎవరన్న?"

"కారు కోసం కాదు బిడ్డా..." ప్రమీలమ్మ ముక్కు తుడుచుకుంది. "మా బాపు ఆ చేన్ల నా చెయ్యి పట్కొని గట్టు పొంటి నడిపించి, 'ఇది నీది బిడ్డా' అన్నడు. ఆ చేను పోయి కారైంది. పోనీ అనుకున్న. ఎనకనో ముందటనో, నా చేన్ల నేను కూసున్న అనుకున్న. రేపు మా అన్న ఇంటి ముందట బస్సు దిగి నడుచుకుంట పోవాలె. నా చేనేమో నేను లేకుంట పోతది! నాకు బస్సంటే నామోషీ కాదే... నీ బాపుకు నేను యాదికే రాలే సూడు, అదే..."

ఝాన్సీ తల్లి భుజం మీద తల ఆనించింది. చిక్కుడు గింజల గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చిన ముత్తమ్మ లోపలికి రాలేదు. చాలాసేపు అక్కడే నిలబడి, గిన్నె గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

తెల్లవారింది. హరీష్ నిన్న సాయంత్రం, నీలం బండిని ఒకరోజు తోలి చూడమని వదిలేసి, ఉత్తచేతులతో ఆటోలో వెళ్లిపోవడం వల్ల రెండు కార్లూ వాకిట్లోనే ఉన్నాయి. జంగయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నీలం బండి టాపు తీసి, తల్లి కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఝాన్సీకి తెల్ల బండి తాళం ఇవ్వాలని ఎవరికీ తోచలేదు గనక, ప్రమీలమ్మ బస్సు కోసం చెప్పులు తొడుక్కుంటోంది.

ముత్తమ్మ ఎక్కలేదు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. చేతికర్రతో ముందు చక్రాన్ని తట్టింది, వెనక చక్రాన్ని తట్టింది.

"ఏందిరా ఇది? ముక్కేమో గింత పొడుగున్నది. కూసునే జాగేమో ఎనక చక్రం కాడ ఉన్నది?"

"గట్లనే చేస్తరవ్వా ఇట్లాంటి బండ్లు. స్పోర్ట్స్ కారు. ఎక్కు, ముహూర్తం దాటిపోతది."

"అంటే దీనికి ముందు సీటు లేనే లేదన్నట్టు! రెండూ ఎనక సీట్లే."

"ఆఁ... ఒక రకంగ గట్లనే అనుకో," అన్నాడు జంగయ్య, ముసలామెతో ఎందుకులే అని.

"మరింకేంది? కోడలు ఎనక సీట్లనే కూసోవాలె గద. ప్రమీలా, ఎక్కు!"

చెప్పు ఒకటి కాలికి, ఒకటి చేతిలో ఉండగా ప్రమీలమ్మ అలాగే నిలబడిపోయింది. జంగయ్య నోరు తెరిచాడు. ముత్తమ్మ కర్ర ఎత్తింది.

"నోరు మూయ్! నీ బాపు ఎడ్లబండి తోలితే నేను ఎనక కాళ్లేలాడేసుకొని, ఎనక్కు మళ్లి కూసుంటి. చేవెళ్ల సంతకు ఎన్నిమార్లు పోయిననో! ఒక్కపారన్న వచ్చే తొవ్వ చూడలేదురా. దాటిపోయిన తొవ్వనే చూసిన. నీ బాపు పోయినంక గాని ముందట కూసోలే. అప్పటికి కండ్లు మసకలొచ్చినయి... కోడలుగ నేను పడ్డది ఈమె గూడ పడాలెనని నేనే కూసోబెట్టిన ఎనక. నా పాపం అది. నేను నా మనుమరాలితోని తెల్లబండిల వస్త. ఝాన్సీ, తాళం పట్టు!"

"అత్తమ్మా..." అంటూ ప్రమీలమ్మ ఆమె పాదాల మీదికి వంగబోయింది.

"కాళ్లు తర్వాత మొక్కుదువు గాని, చీర నలుగుతది. ఎక్కు ముందు!"

నీలం బండి కదిలింది. ఫామ్‌హౌస్ గేట్లు, కాలేజీ బస్సులు, మొయినాబాద్ కోడిమాంసం దుకాణాలు, అన్నీ ఒకదాని తరువాత ఒకటి ఎదురొచ్చాయి. ఎదురు రావడమంటే ఏమిటో ఆమెకు ఇప్పుడే తెలిసింది! వెనక నుంచి చూసినప్పుడు అవన్నీ జారిపోయేవి. పక్కకు చూసింది. ఇన్నేళ్ల ప్రయాణాల్లో ఆమెకు తెలిసిన భర్త అంటే ఒక మెడ, రెండు చెవులు. ఇప్పుడు ముఖం ఉంది. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా ఆ ముఖంలో పెదవి పంటి కింద నలుగుతోంది.

"భయమా?" అంది నెమ్మదిగా.

జంగయ్య ఉలిక్కిపడ్డాడు. కాదందామనుకున్నాడు. గాలి మరీ బాహాటంగా వీస్తోంది, అబద్ధం నిలవలేదు.

"లారీ అంటే భయమేనే నాకు. ఎవలకు చెప్పకు, ఓట్లు పోతయి."

ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. చాలా దూరం పోయాక, ఎన్నడూ అడగనిది అడిగాడు. "ఎట్లున్నదే బండి?"

ప్రమీలమ్మ ఆలోచించింది. తొందరపడలేదు. యజమానురాలు కదా!

"ఇది మెత్తగున్నది. గాలి మంచిగున్నది. గని బలమంతా ముందట ఏడ్నో ఉన్నది. దాని ముక్కు పోయి ఎవరింట్లనో దూరినంక మనం పోతున్నట్టు అనిపిస్తది. మన తెల్లది గట్ల గాదు. దాని ఇంజను నా ఎన్నుపూస కాడ్నే ఉంటుండె. మలుపుల నుంచి లేస్తుంటే ఎవరో నడుముకు చెయ్యేసి ముందటికి నూకినట్టుంటది. నీ మొఖం నాకు కనవడకపోయినా, కోపంల ఉన్నవో ఖుషీల ఉన్నవో దాని సప్పుడే చెప్పేది. ఎలచ్చన్ల ఓడిపోయొచ్చిన్నాడు అది చేవెళ్ల దాంక మూలిగింది. ఝాన్సీకి సీటొచ్చిన్నాడు పాట పాడినట్టు పాడింది. ఇదేమో మర్యాదగ పోతది, ముచ్చట చెప్పది."

జంగయ్య బండిని పక్కకు తీసి ఆపేశాడు. టమాటా డబ్బాలతో ఒక ట్రాలీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది.

"గింత ఎరుకనా నీకు?"

"నువ్వెప్పుడన్న అడిగినవా?"

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. "అడగలే," అన్నాడు. "బండి నీ పేరు మీదున్నదని అందరికి చెప్పుకున్న. గొప్పకు చెప్పుకున్న. నిన్ను మాత్రం అడగలే... ఇప్పుడు అడుగుతున్న, చెప్పు. నీకేది గావాలె?"

"తెల్లదే."

"పిచ్చిదానా! అండ్ల మళ్ల నీకు ఎనక సీటే గద! ఇది ఉంటే ఎప్పటికి ముందటనే కూసుంటవు."

"నేను కూసుంటే అత్తమ్మ ఏడ కూసుంటది?" కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఈసారి వాటిని కొంగుతో దాచుకోలేదు. "ఇయ్యాల నేను ఎక్కాలంటే అత్తమ్మ దిగాలె. రేపు ఇంకొకరు ఎక్కాలంటే నేను దిగాలె. ఒకరిని దించితే గాని ఒకరు ఎక్కలేని బండి మనకెందుకయ్యా? ముందట ఎవరు, ఎనక ఎవరు అన్నది మన చేతుల ఉన్నది, మార్చుకుంటం. లేనే లేని సీటును ఏడికెళ్లి తెస్తం?"

జంగయ్య బండి తీశాడు. లారీ ఎదురైంది. ఈసారి పెదవి కొరుక్కోలేదు, ఆమె వైపు ఒకసారి చూశాడంతే.

చేవెళ్లలో ఇంటి ముందు కారు ఆగగానే అనంతయ్య, ఆయన భార్య అలవాటుగా చేతులు చాచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. లాగడానికి ఎవరూ లేరు! చెల్లెలు తన తలుపు తనే తీసుకుని, తన కాళ్ల మీద తనే దిగి, చీర కుచ్చెళ్లు దులుపుకుంది. చాచిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక అనంతయ్య వాటితో కళ్లు తుడుచుకున్నాడు.

నిశ్చితార్థం ముగిసింది. ప్రవళిక నుదుట బొట్టుపెట్టి, అక్షింతలు వేసి, కడుపునిండా తిని, తిరుగు ప్రయాణానికి బయటికొచ్చేసరికి జంగయ్య ఫోను అందుకుని హరీష్ తన బండి కోసం వచ్చి ఉన్నాడు. జంగయ్య అతని భుజం మీద చెయ్యి వేసి, "తమ్మీ, ఓనరమ్మ వద్దన్నది. పార్టీ అయితే మారుత గని, బండి మారలేను," అన్నాడు.

"నేను హరీషు బండిల వస్త," అంది ముత్తమ్మ. కంటి ఆపరేషన్ నాటి నల్ల కళ్లద్దాలు సంచిలోంచి తీసి పెట్టుకుంది. "టాపు తియ్యి నాయనా. తొవ్వ జర చూసుకుంట పోత."

నీలం బండి ముసలమ్మను ఎక్కించుకుని సాగిపోయింది. తెల్ల బండి స్టీరింగు ముందు ఝాన్సీ కూర్చుంది. ప్రమీలమ్మ అలవాటు కొద్దీ పక్క సీటును ముందుకు మడిచి, సందులోకి ఒక కాలు పెట్టింది. జంగయ్య ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. నేను పోత."

"నీకు పట్టదయ్యా!"

"పట్టాలె," అన్నాడాయన.

మాజీ ఎంపీటీసీ జంగయ్య మొదట తల దూర్చాడు. తరువాత పొట్ట దూర్చాడు. కాళ్లు మాత్రం చాలాసేపు బయటే ఉండి ఆలోచించుకున్నాయి. అనంతయ్య నెట్టాడు. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎట్టకేలకు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని లోపల సర్దుకున్నాక, ఝాన్సీ బండి తీసింది. ఇంజను ఆయన వీపు వెనక గుర్రుమంది.

బజారు దాటగానే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆయన తల పైకప్పుకు తగిలింది. రెండో దాని దగ్గర మోకాలు తగిలింది.

"ప్రమీలా..." వెనక నుంచి గొంతు వినిపించింది. సభల్లో మైకు లేకుండా మాట్లాడే గొంతు, ఇంత సన్నగా ఎప్పుడూ లేదు. "ఇన్నేండ్లు... గిట్లనే కూసున్నవా?"

ప్రమీలమ్మ చెయ్యి కిందికి పోనిచ్చి, సీటు పక్కనున్న మీటను తడిమి నొక్కింది. ఆమె మోకాళ్లు ముందున్న డాష్‌బోర్డుకు ఆనేదాకా సీటు మెల్లగా ముందుకు జరిగింది. వెనకాల ఆయన కాళ్లు చాపుకోవడానికి బెత్తెడు చోటు దొరికింది.