కుట్టేవాడు

ఆదివారం పొద్దున వాజిద్ వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే, అతని భార్య నౌషీన్ వరండాలో కూర్చుని ఫోన్లో కామెంట్లు చదువుకుంటోంది. తన చిన్నతనం గురించి రాసి ఒక కథల సైట్లో పెట్టి నాలుగు రోజులైంది. అప్పుడే రెండు వందల పద్నాలుగు కామెంట్లు. 'ఏడిపించేశారు మేడమ్' అని ఒకరు, 'ఇలాంటి తండ్రిని చెప్పుతో కొట్టాలి' అని ఇంకొకరు. నంద్యాల బడిలో పన్నెండేళ్లుగా తెలుగు చెబుతున్నా రాని మెప్పు నాలుగు రోజుల్లో వచ్చి పడితే ఎవరికి మాత్రం తల తిరగదు?

రాసిందంతా నిజమే. ఆళ్లగడ్డలో దూది ఏకి పరుపులు కుట్టే బాషా ఆమె తండ్రి. సారా సీసాలు దూదిలో దాచేవాడు. ఒకసారి పెళ్లి పరుపులో సీసా మరిచిపోయి అలాగే కుట్టి పంపాడు. పెళ్లివాళ్లు పరుపును తిరిగి తెచ్చి నడివీధిలో చించారు. గాలికి ఎగిరిపోతున్న దూదిని పదేళ్ల నౌషీన్ ఏడుస్తూ ఏరుకుంది. ఆమె రాసింది అక్కడితో ఆగింది. తర్వాత ఏమైందో రాయలేదు.

ఫోన్ మోగింది. అమ్మ హుస్సేన్‌బీ.

"మీ నాయన పొద్దున్నుంచి మంచినీళ్లు గూడా ముట్టలేదు. బేగా రా."

"ఏమైందమ్మా? ఒంట్లో బాగలేదా?"

"ఒంటికేం, బాగానే ఉండాడు. నువ్వే సంపితివంట గదా. వచ్చి సూసిపో."

ఉగ్గాని నోట పెట్టకుండానే నౌషీన్ ఆళ్లగడ్డ బస్సెక్కింది. దారి పొడుగునా ఒకటే భయం. తండ్రి తాగుడు మాని తొమ్మిదేళ్లు. తన రాతలు చూసి మళ్లీ గ్లాసు పట్టుకున్నాడేమో. అదే జరిగితే ఆ రెండు వందల మెప్పులు ఏం చేసుకోను అనుకుంది.

బాషా కొట్టు ముందుగదిలోనే. చాప మీద కూర్చుని పరుపు కుడుతున్నాడు, తలెత్తలేదు. నౌషీన్ చూపు ముందు కుట్టు మీదికి పోయింది. చిన్నప్పుడు ఆయన తాగాడో లేదో ముఖం చూసి కాదు, కుట్టు చూసి తెలుసుకునేది. కుట్టు తిన్నగా ఉంది. ఆమెకు ఊపిరి వచ్చింది.

హుస్సేన్‌బీ మాత్రం వదల్లేదు. "చాగలమర్రి శ్రీవాణి కూతురి పెళ్లికి రెండు పరుపులు చెప్పింది. నువ్వు రాసింది చదివిందంట. పొద్దున్నే ఫోన్ చేసి, వదినా, బాషా అన్న పోయినాడంట గదా, పరుపులు ఇంగోచోట చెప్పుకుంటాంలే, మీరు బాధపడొద్దు అనె. ఫోన్ ఎత్తింది ఎవరనుకుంటివి? మీ నాయనే. బాషానే తల్లీ మాట్లాడ్తాండేది అంటే, ఆయమ్మ అరిచి ఫోన్ పెట్టేసె."

నౌషీన్ కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పోయినాడని నేను యాడా రాయలేదమ్మా."

"ఏం రాస్తివో ఏమో. ఇంటి గుట్టంతా ఊరికి పెడితివి. తీసెయ్ దాన్ని."

"నేను పడింది నేను రాసుకుంటి. ఆ పొద్దు వీధిలో దూది ఏరింది నేను గదా."

బాషా దబ్బనం పక్కన పెట్టాడు.

"తీయొద్దు పాపా. అంతా చదివినా, ఒక్కో అక్షరం కూడబలుక్కోని. తాగేవాడు అంటివి. నిజమే. కొట్టేవాడు అంటివి. అదీ నిజమే. చెప్పుతో కొట్టాల అన్యారు, అననీ. కానీ కుట్టేవాడు అని రాస్తివి సూడు, ఆడ ఆగిపోయినా. నేను ఇంగా కుడ్తాండా గదా."

నౌషీన్ ఫోన్ తీసి తను రాసింది మళ్లీ చూసుకుంది. మా నాయన పరుపులు కుట్టేవాడు. నవ్వేవాడు. ఆళ్లగడ్డలో ఉండేవాడు. దండ వేసిన ఫోటో కింద రాసే మాటలు అవి. ఊరి పిల్లలందరి తప్పులూ దిద్దే తెలుగు పంతులమ్మ, బతికున్న తండ్రిని తన చేత్తోనే చంపుకుంది.

"మానిన సంగతి ఏల రాయలేదు?" నెమ్మదిగా అడిగాడు బాషా.

అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఆడిదాకా రాస్తే ఎవురూ ఏడ్వరేమోనని, నాయనా." అంటూనే ఆమెకు ఏడుపొచ్చింది.

బాషా ఆమె చేతిలో ఫోన్ తీసుకుని, వేలితో వెతికి ఒక కామెంటు చూపించాడు. వందన అనే అమ్మాయి రాసింది. 'అక్కా, మా నాన్న కూడా రోజూ తాగుతాడు. మీ నాన్న చివరికి మానాడా, అలాగే పోయాడా?'

"ఈ పాపకు జవాబు చెప్పలేదే. ఏందో గుండె బొమ్మ పెట్టి ఊరకుంటివి."

నౌషీన్ తల దించుకుంది.

"రాయి, నేను చెప్తా. పరుపు చించినాక గూడా పదిహేడేండ్లు తాగినాడు అని రాయి. రెండుసార్లు మాని మళ్లా తాగినాడు. మూడోసారి ఆసుపత్రిలో చేరి మాన్యాడు. ఈ పొద్దు ఆ ఫోన్ వచ్చినాక తాగాలనిపించె. లేస్తే కాళ్లు ఆడికే పోతాయని, లేయకుండా కుడ్తాండాడు. తాగలేదు. అట్ల రాయి."

హుస్సేన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లి, అన్నం పళ్లెం తెచ్చి మొగుడి ముందు పెట్టింది. బాషా చెయ్యి కడుక్కుని తినడం మొదలుపెట్టాడు.

నౌషీన్ వందనకు ఆయన చెప్పింది చెప్పినట్టే రాసింది. తర్వాత తన రాతలోకి వెళ్లి ఒక్కో మాటా దిద్దుకుంటూ వచ్చింది. తాగేవాడు, కొట్టేవాడు అన్న మాటల జోలికి మాత్రం పోలేదు. అవి ఆయన తొమ్మిదేళ్లు కష్టపడి సంపాదించుకున్న మాటలు. దిద్దడం అయ్యాక తండ్రికి చదివి వినిపించింది.

"మా నాయన తాగేవాడు. పరుపులు కుడతాడు."

బాషా తల ఊపి, దారం ఎక్కించమని దబ్బనం ఆమె చేతికిచ్చాడు.